పటానికీ గోడకూ నడుమ గాలి



ఎవరి పేర ఈ స్మారకోపన్యాసం జరుగుతున్నదో ఆ సారు బడిపంతులుగా బతికారు. సెలవు రోజుల్లో సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నకాషి పటాలు, పొనికి చెక్క బొమ్మలు, తాళపత్రాలు, గొల్లభామ చీరలు, ఇత్తడి సామాను పోగు చేసి తన తాతల నాటి ఇంట్లోనే దాచారు. ఆ ఇంటిని అట్లనే మ్యూజియంగా నిలపాలని ఆయన కోరిక. ఇప్పుడు కుటుంబం ఆ పనికి పూనుకున్నది. మేలు కోరే మిత్రులు చాలామంది ఒక సలహా ఇస్తున్నారు: ముందు అన్ని అర్రలకూ ఏసీలు పెట్టించండి, వస్తువులు చల్లగా ఉంటే చెడిపోవు అని. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ సలహా గురించే. అది ప్రేమతో ఇచ్చిన సలహా. అయినా దాన్ని యథాతథంగా పాటిస్తే వస్తువులకూ నష్టం, ఇంటికీ నష్టం. ఎందుకో వివరంగా చెప్పడానికి నాకు ఈ సమయం ఇచ్చారు కనుక కొంచెం ఓపికతో వినండి.

మొదట మన దగ్గరి వస్తువుతోనే మొదలుపెడదాం. చేర్యాల నకాషి పటం. 2016లో జిల్లాలు మారినప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడది పూర్తిగా మన బాధ్యత. ఖాదీ గుడ్డ మీద సుద్ద మట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూస్తారు. ఆరిన తర్వాత ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు. కూనపులి వారు పద్మశాలీలకు, కాకిపడగల వారు ముదిరాజులకు కథ చెప్పేటప్పుడు పటాన్ని పైనుంచి కిందికి ఒక్కో గడిగా విప్పుతూ పోతారు. కథ అయిపోగానే చుట్టి గుడ్డలో కట్టి పెట్టేవారు. బాగా పాతబడితే నీళ్లలో వదిలి కొత్తది రాయించుకునేవారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఈ పటాన్ని ఎల్లకాలం ఉండాలని తయారు చేయలేదు. దాన్ని ఎల్లకాలం ఉంచాలని కోరుకుంటున్నది మనం. రెండు, పటం ఒకే పదార్థం కాదు. గుడ్డ, మట్టి, బంక, రంగు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి అతుక్కొని ఉన్నాయి. గాలిలో తేమ పెరిగితే నూలు గుడ్డ, చింతగింజల బంక నీటిని పీల్చుకుని కదులుతాయి. మట్టిపూత వాటితోపాటు అంతే కదలలేదు. తేమ తగ్గితే మళ్లీ వెనక్కి వస్తాయి. ఈ కదలిక నెమ్మదిగా, కొద్దికొద్దిగా జరిగితే పటం ఓర్చుకుంటుంది. గంటల్లో జరిగితే పూత పగులుతుంది, పగిలినచోట రంగు పెచ్చులూడుతుంది. తేమ చాలా రోజులు ఎక్కువగా నిలిచిపోతే మరో ప్రమాదం. చింతగింజల అంబలి అంటే తిండే కదా. బూజుకూ తిండే, పురుగుకూ తిండే. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు ఇంకేమీ అక్కరలేదు.

తేమ శాతం అనే మాట వార్తల్లో వింటూనే ఉంటాం. ఆ వేడి దగ్గర గాలి మోయగలిగినంత నీటి ఆవిరిలో ఇప్పుడు ఎంత ఉందన్నదే ఆ లెక్క. ఈ లెక్కలో కీలకం వేడి. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోస్తుంది. 20 డిగ్రీల దగ్గర అదే గాలి సుమారు 17 గ్రాములు మాత్రమే మోయగలదు. అంటే గాలిని చల్లబరిస్తే, లోపలి నీరు ఒక్క చుక్క పెరగకపోయినా, తేమ శాతం పెరుగుతుంది. వేడి చేస్తే తగ్గుతుంది. ఈ ఒక్క సూత్రం తెలియకపోవడం వల్ల మన దేశంలో ఎన్నో పాత భవనాల్లో డబ్బు పెట్టి మరీ బూజును పెంచుకుంటున్నారు.

మన వానకాలాన్ని తీసుకోండి. ముసురు పట్టిన రోజు బయట గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుందాం. ఆ గాలి 24 డిగ్రీల దగ్గరికి చల్లబడిందంటే ఇక నీటిని మోయలేదు, వదిలేస్తుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టేది ఇందుకే. ఇప్పుడు మ్యూజియం అర్రను ఊహించుకోండి. పొద్దున పది గంటలకు సిబ్బంది వచ్చి ఏసీ వేస్తారు. సాయంత్రం దాకా గది 22 డిగ్రీలకు పడిపోతుంది, గోడలు, అద్దాలు, పటం చట్రాలు అన్నీ చల్లబడతాయి. ఏసీ నడిచినంత సేపూ అది కొంత నీటిని తీసి పైపు గుండా బయట పోస్తుంది, అది నిజం. కాని అయిదు గంటలకు స్విచ్చి ఆపి, ఊడ్చడానికి తలుపులు బార్లా తీస్తారు. బయటి తడిగాలి లోపలికొచ్చి, 22 డిగ్రీల గోడను, పటాన్ని తాకుతుంది. ఆ రాత్రంతా పటం వెనక ఏం జరుగుతుందో ఎవరూ చూడరు. మర్నాడు మళ్లీ ఏసీ. ఇట్లా పటం రోజుకొక వానకాలం, రోజుకొక చలికాలం అనుభవిస్తుంది. సారు ఇంట్లో ఏ యంత్రమూ లేకుండా పెట్టెలో ఉన్నప్పుడు దానికి ఏడాదికి ఒక్కటే వానకాలం ఉండేది.

అందుకే పనివేళల్లో మాత్రమే నడిచే ఏసీ, మ్యూజియంలో అసలు ఏసీ లేకపోవడం కంటే హీనం. నా ఉపన్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

మరి మ్యూజియంలో 20 డిగ్రీలు, 50 శాతం తేమ ఉండాలన్న లెక్క ఎక్కడినుంచి వచ్చింది? మ్యూజియం అనగానే ఆ రెండంకెలు చెప్పే ఇంజనీర్లు ఇప్పటికీ ఉన్నారు. దాని వెనక ఒక యుద్ధ చరిత్ర ఉన్నది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే, 1941లో నేషనల్ గ్యాలరీ వారు తమ చిత్రాలను వేల్స్‌లోని మానోడ్ పలకరాతి గనిలోకి తరలించారు. గని లోపల ఇటుకలతో గదులు కట్టి, లోపలి గాలిని కొద్దిగా వెచ్చబరిచి, సుమారు 17 డిగ్రీలు, 42 శాతం తేమ దగ్గర నిలకడగా ఉంచారు. అంతకుముందు లండన్‌లో ఆ చిత్రాల రంగు పొరలు లేస్తూ, ఏటా మరమ్మతులు అడిగేవి. గనిలో ఉన్నన్నాళ్లు ఆ పని దాదాపు ఆగిపోయింది. 1945లో తిరిగి లండన్ గదుల్లోకి తేగానే మళ్లీ రంగు పొరలు లేవడం మొదలైంది. నిలకడకు ఎంత బలం ఉందో ఆ గని నిరూపించింది.

తర్వాత అదే గ్యాలరీలో శాస్త్రవేత్తగా పనిచేసిన గ్యారీ థామ్సన్ 1978లో మ్యూజియం వాతావరణం మీద పుస్తకం రాశారు. ప్రపంచమంతా దాన్ని ప్రమాణంగా పట్టుకున్నది. అందులో చెప్పిన తేమ హద్దు, నాలుగైదు శాతం అటూ ఇటూ అన్నది, వస్తువులు దాటితే చచ్చిపోయే గీత కాదు. యంత్రాల నుంచి ఎంత నిలకడ ఆశించవచ్చో చూసి పెట్టిన హద్దు అని థామ్సన్ స్వయంగా స్పష్టం చేశారు. చదివినవాళ్లు ఆ వివరణ వదిలేసి అంకెలు మాత్రం తీసుకున్నారు. లండన్‌కు సరిపోయిన అంకెలు చెన్నపట్నానికి, కలకత్తాకు, హైదరాబాదుకు వచ్చిపడ్డాయి. చివరికి 2014లో అంతర్జాతీయ సంరక్షణ సంస్థలు రెండు కలిసి ఒక ప్రకటన చేశాయి. సాధారణ వస్తువులకు తేమ 40 నుంచి 60 శాతం మధ్య, వేడి 16 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండవచ్చని, స్థానిక వాతావరణాన్ని, ఖర్చును, కరెంటు వాడకాన్ని లెక్కలోకి తీసుకోవాలని అందులో ఒప్పుకున్నాయి. కెనడా సంరక్షణ సంస్థలో పనిచేసిన స్టీఫన్ మిఖల్స్కీ ఇంకో మాట చెప్పారు, అది మనకు బాగా పనికొస్తుంది. ఒక వస్తువు ఇప్పటికే ఎంత మార్పును తట్టుకుని బతికిందో, అంతకు మించని మార్పు దానికి కొత్తగా పెద్ద హాని చేయదు. సిద్దిపేటలో పుట్టిన పటం ఏప్రిల్, మే మధ్యాహ్నాల 25, 30 శాతాన్నీ చూసింది, ఆగస్టు పొద్దుటి 80 దాటిన తేమనూ చూసింది. దాన్ని హఠాత్తుగా లండన్ పటంగా మార్చే అవసరం లేదు. అది చూడని వేగాన్ని మాత్రం దానికి చూపించకూడదు.

ఇంతదాకా వస్తువు గురించి. ఇప్పుడు ఇల్లు.

మామూలు మ్యూజియానికి, ఇల్లే మ్యూజియమైన చోటుకూ ఒక పెద్ద తేడా ఉన్నది. రెండో దాంట్లో ఇల్లు కూడా ప్రదర్శన వస్తువే. అసలు అదే మొదటి వస్తువు. మన ప్రాంతపు పాత ఇళ్లు, గడీలు ఎట్లా కట్టారో చూడండి. రాయి, మట్టి కలిపిన మందపు గోడలు. పైన డంగు సున్నం. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు. ఎత్తైన కప్పు, కప్పు కింద గోడలో చిన్న చిన్న రోషన్‌దాన్లు. ఎండాకాలంలో పగలంతా తలుపులు మూసి, కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. పొద్దుగూకాక అన్నీ తెరిచేవారు. వేడిగాలి పైకెక్కి రోషన్‌దాన్ల గుండా పోయేది, వాకిట్లోని చల్లగాలి కిందినుంచి వచ్చేది. ఆ మందపు గోడ, ఆ సున్నపు పూత తేమ ఎక్కువైనప్పుడు కొంత పీల్చుకుని, తక్కువైనప్పుడు కొంత వదులుతాయి. ఇవి లేని కాంక్రీటు గదిలో తేమ గంటలో మారిపోతే, ఆ ఇంట్లో రోజులు పడుతుంది. అంటే మనం లక్షలు పోసి కొనాలనుకుంటున్న నిలకడలో సగం ఆ గోడల్లో ఇప్పటికే ఉన్నది. దాని మీద సిమెంటు పూసి, ప్లాస్టిక్ రంగు కొట్టి, రోషన్‌దాన్లు ఇటుకలతో మూసేస్తే ఆ సగం పోతుంది. పునాది నుంచి పైకి ఎక్కే తడి బయటికి పోలేక గోడ లోపలే ఉండి, ఉప్పు పూసి, పూతను పొడిపొడిగా రాలుస్తుంది. తర్వాత ఆ తడిని తీయడానికి యంత్రం కొనాలి.

హైదరాబాదులో పురానీ హవేలీ చూసినవాళ్లు మీలో ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టలు దాచిన బీరువాల వరుస అక్కడ ఉన్నది. 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, బర్మా టేకు, చేత్తో లాగే లిఫ్టు. బట్టలను దాచడానికి కట్టిన ఆ టేకు అరలు కూడా ఒక వాతావరణ నియంత్రణ ఏర్పాటే అని నేను అనుకుంటాను. మందపు చెక్క లోపల, మూసిన తలుపుల వెనక, బట్టకు బయటి గాలి మార్పులు చాలా ఆలస్యంగా, చాలా పలచగా చేరతాయి. అదే హవేలీలో 2000 సంవత్సరంలో నిజాం మ్యూజియం తెరిచారు. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు అక్కడ పెట్టారు.

ఆ మ్యూజియంలో 2018 సెప్టెంబరు 2 రాత్రి గడిచి 3వ తేదీ తెల్లవారకముందు దొంగలు పడ్డారు. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. వాళ్లు వచ్చిన దారి వెంటిలేటర్. ఇనుప ఊచలు తొలగించి, తాడు పట్టుకుని దిగారు. పోలీసులు పదిరోజుల్లోపే పట్టుకుని వస్తువులు తిరిగి తెచ్చారు, అది మన అదృష్టం. సరిగ్గా అదే రాత్రి, మన లెక్కన దాదాపు అదే జామున, భూగోళానికి అవతల బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో జాతీయ మ్యూజియం తగలబడుతున్నది. అది కూడా పాత రాజభవనమే, ఒకప్పటి చక్రవర్తుల నివాసం. సుమారు రెండు కోట్ల వస్తువుల సంపదలో ఎక్కువ భాగం బూడిదైంది. మరుసటి ఏడాది అక్కడి కేంద్ర పోలీసులు విచారణ ఫలితం చెప్పారు. మంటలు కింది అంతస్తు సభామందిరంలోని ఏసీ దగ్గర మొదలయ్యాయి. మూడు యంత్రాలకు విడివిడి బ్రేకర్లు లేవు, ఒకదానికి ఎర్తింగ్ సరిగా లేదు.

ఒకే రాత్రి ఒక పాత ఇంటికి పాత గాలిదారి గుండా ప్రమాదం వచ్చింది, ఇంకో పాత ఇంటికి కొత్త గాలి యంత్రం గుండా వచ్చింది. ఈ రెండూ నాకు ఎప్పుడూ కలిసే గుర్తొస్తాయి. పాత పద్ధతులన్నీ మంచివని చెప్పడానికి నేను రాలేదు. రోషన్‌దాన్ తెరిచి ఉంచాలంటే దానికి లోపలినుంచి బిగించిన బలమైన ఊచలు, దోమ కూడా దూరని జాలీ, మూసి తెరిచే రెక్క, అలారం ఉండాలి. ఏసీ పెట్టాలంటే దానికి ప్రత్యేకమైన తీగ, ప్రత్యేకమైన బ్రేకర్, ఎర్తింగ్ ఉండాలి. గడీల దూలాల వెంట పదేళ్లకొకరు అతుకులు వేసి లాగిన తీగలను చూస్తే నాకు గుండె దడ పుడుతుంది. కొత్త యంత్రం మాట ఎత్తకముందే ఆ తీగలు మార్చాలి. ఈ ఖర్చు ఎవరికీ కనిపించదు, శిలాఫలకం మీద రాయించుకోవడానికీ పనికిరాదు. అయినా మొదటి ఖర్చుల్లో ఇదొకటి.

హైదరాబాదులోనే ఇంకో పాఠం. మూడో సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశాక, ఆయన నివాసమైన దివాన్ దేవిడీనే మ్యూజియంగా మార్చి 1951 డిసెంబరు 16న నెహ్రూ చేత ప్రారంభింపజేశారు. దక్కనులో గొప్ప ఇల్లే మ్యూజియమైన తొలి ఉదాహరణల్లో అది ఒకటి. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలిపోయాయి. వస్తువులు భద్రంగా ఉన్నాయి, లక్షలమంది చూస్తున్నారు, సంతోషం. కాని దివాన్ దేవిడీ ఏమైంది? పాత ద్వారాలు తప్ప అక్కడ ఆ భవనం మిగల్లేదు. ఏ గదిలో ఏ అలమర ఉండేదో, ఏ కిటికీ వెలుతురులో ఆ మనిషి తన సేకరణను చూసుకునేవాడో ఇక ఎవరికీ తెలియదు. వస్తువును కాపాడటానికి ఇంటిని వదిలేసుకున్నాం. సారు ఇంటి విషయంలో అటువంటి బేరం వద్దు. ఎవరైనా వచ్చి, ఈ పాత ఇంట్లో తేమను అదుపు చేయడం కష్టం, వస్తువులు కొత్త హాలుకు మార్చండి అంటే, ఆ కుటుంబం ఒప్పుకోకూడదని నా మనవి.

అట్లని బాగా సున్నితమైన వస్తువును గాలికి వదిలేస్తామా? వదలం. మొత్తం ఇంటికి బదులు, ఆ వస్తువు చుట్టూ ఉన్న కొద్ది గాలిని అదుపు చేస్తాం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో రెండు వేల ఏళ్లు దాటిన ఈజిప్టు మమ్మీ ఉన్న సంగతి పిల్లలకు కూడా తెలుసు. దశాబ్దాల పాటు ఆ దేహం మన వానకాలాల్ని, ఎండాకాలాల్ని మామూలు అద్దాల పెట్టెలో భరించింది, పాడవుతూ వచ్చింది. చివరికి నిపుణులు వచ్చి దానికి గాలి చొరబడని పెట్టె చేయించి, అందులోని ప్రాణవాయువును తీసి నైట్రోజన్ నింపారు. హాలు మొత్తాన్ని ఈజిప్టు ఎడారిగా మార్చాల్సిన పని పడలేదు.

చేర్యాల పటానికి అంత అక్కరలేదు. బిగుతుగా మూసుకునే అద్దాల పెట్టె, దాని అడుగున తగినంత తేమకు సిద్ధం చేసిన సిలికా జెల్ అర, ఒక చిన్న తేమమాపకం చాలు. సిలికా జెల్ బయట తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదులుతుంది. కరెంటు పోయినా దాని పని ఆగదు. పెట్టె ఎంత బిగువుగా ఉంటే జెల్ అంత ఎక్కువ కాలం పనిచేస్తుంది కాబట్టి వడ్రంగి పనితనమే ఇక్కడ సగం శాస్త్రం. మన పట్టణంలో అటువంటి పెట్టె చేయగల వడ్రంగులు లేరని నేను నమ్మను. ఒక జాగ్రత్త చెప్పాలి. కొత్త ప్లైవుడ్, ఘాటు వాసన వచ్చే రంగులు, జిగుర్లు పెట్టె లోపల వాడకూడదు. వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో పోగుపడి, రంగునూ లోహాన్నీ తింటుంది.

ఇల్లంతా కలిపి చేయాల్సి వచ్చినప్పుడు ఎట్లా చేయవచ్చో మళ్లీ రియో నగరమే చూపిస్తుంది. అక్కడ రుయ్ బార్బోసా అనే న్యాయవాది, రాజనీతిజ్ఞుడి ఇల్లున్నది. 1850లో కట్టింది. ఆయన 1923లో చనిపోయాక ప్రభుత్వం కొని 1930లో మ్యూజియంగా తెరిచింది. ఆ ఇంట్లో ఆయన గ్రంథాలయం అట్లనే ఉన్నది, సుమారు 37 వేల సంపుటాలు. సముద్రపు తేమ, ఉక్క, ఊరి దుమ్ము. అమెరికాలోని గెట్టీ సంరక్షణ సంస్థ నిపుణులు అక్కడివారితో కలిసి గత దశాబ్దాల్లో ఆ గ్రంథాలయానికి కొత్త ఏర్పాటు చేశారు. వాళ్లు మొదట చేసింది కొలతలు. తర్వాత నేల కింది ఖాళీని, పైకప్పు అటకను గాలిదారులుగా వాడుకున్నారు. అలంకరించిన గోడలు పగలగొట్టలేదు. వడకట్టిన, తేమ తగ్గించిన గాలిని కిందినుంచి పంపి పైనుంచి బయటికి వదిలారు. వేడిని 20 డిగ్రీలకు దించాలన్న పట్టుదల పెట్టుకోలేదు. బూజు పట్టనంత తక్కువలో తేమ ఉండాలి, దుమ్ము రాకూడదు, వచ్చినవాళ్లకు ఉక్కపోయకూడదు, అంతే.

ఈ పద్ధతిలో ఒక విచిత్రం ఉన్నది. మొదట విన్నప్పుడు ఎవరూ నమ్మరు. ఆగస్టు నెలలో తడి ఎక్కువైనప్పుడు మ్యూజియానికి కావలసింది చల్లబరిచే యంత్రం కంటే కొద్దిగా వెచ్చబరిచే యంత్రం కావచ్చు. గది 25 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నదనుకోండి. దాన్ని 28 డిగ్రీలకు తెస్తే తేమ శాతం 68 దగ్గరికి వస్తుంది. మూడు డిగ్రీల వెచ్చదనంతో బూజు హద్దు కిందికి దిగాం. మామూలు డీహ్యూమిడిఫైయర్ కూడా ఇదే చేస్తుంది, నీటిని తీస్తుంది, తాను విడుదల చేసే వేడితో గదిని కాస్త వెచ్చబరుస్తుంది. మనుషులకు కొంచెం ఉక్కగా ఉంటుంది, ఒక ఫ్యాను పెట్టుకుంటే సరిపోతుంది. వేడి మరీ పెరిగితే కాగితం, గుడ్డ త్వరగా ముసలివవుతాయి కనుక రెండు మూడు డిగ్రీలకు మించి పోకూడదు. ఎండాకాలం సంగతి వేరు. అప్పుడు మన ఇళ్లలో కూలర్లు పెడతాం. పటం ఉన్న గదిలో కూలర్ వద్దు. దాని ముందు తడిగాలి, నాలుగడుగుల అవతల ఎండు గాలి, స్విచ్చి ఆపగానే మళ్లీ పొడి. తేమ అటూ ఇటూ ఊగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు తలుపులు మూసి, రాత్రి కాపలా ఉన్నప్పుడు తెరిచే పాత అలవాటే ఆ ఇంటికి మంచిది.

సారు ఇంటికి నేను ఏం చేస్తానో చెప్పమని కుటుంబం అడిగింది. చెబుతాను.

ముందు కప్పు. గూన పెంకలు సర్ది, పగిలినవి మార్చి, వాననీళ్లు గోడ పక్కన నిలవకుండా దూరంగా పోయేట్టు మోరీ తవ్వించాలి. గోడల కిందిభాగంలో ఎవరైనా సిమెంటు పూసి ఉంటే తీసి మళ్లీ సున్నం పూయాలి. చౌమహల్లా ప్యాలెస్‌ను 2005లో జనానికి తెరిచే ముందు ఏళ్ల తరబడి సాగిన పనిలో సున్నపు పనివాళ్ల చేతులే ప్రధానం. 2010లో యునెస్కో గౌరవం దక్కింది ఆ పనితనానికే. మనకు అంత పెద్ద పని లేదు, కాని అదే క్రమం.

దానితోపాటు ప్రతి అర్రలో వేడి, తేమ రాసుకునే చిన్న పరికరం పెట్టాలి. పటం వెనక గోడకు ఒకటి, గది మధ్యలో ఒకటి, వాకిట్లో నీడలో ఒకటి. ఉగాది నుంచి ఉగాది దాకా ఒక సంవత్సరం కొలవాలి. అప్పుడు తెలుస్తుంది ఏ అర్ర దానంతటదే నిలకడగా ఉన్నదో, ఏ గోడ తడుస్తున్నదో. పడమటి గోడకు ఆనుకుని ఉన్న పటాన్ని ఉత్తరపు అర్రకు మార్చడమే కొన్నిసార్లు పూర్తి పరిష్కారం. పటాన్ని గోడకు ఆనించకుండా రెండు వేళ్లు ఎడం ఉంచి తగిలించడం కూడా అంతే. ఆ ఎడంలో గాలి ఆడితే తడి నిలవదు, బూజు పట్టదు.

ఆ ఏడాది లెక్కలు చూశాకే యంత్రం. అది కూడా బహుశా ఒకే అర్రకు. తాళపత్రాలు, పాత పటాలు, ప్రదర్శనలో లేని చీరలు ఉంచే లోపలి అర్ర ఒకటి ఎంచుకుని, కిటికీలు బిగించి, తేమను బట్టి నడిచే డీహ్యూమిడిఫైయర్ పెట్టాలి. అది 24 గంటలూ నడవాలి. కరెంటు పోతే బ్యాటరీ ఉండాలి. నడపలేమనుకుంటే పెట్టనే వద్దు. మిగతా అర్రలకు తలుపులు, రోషన్‌దాన్లు, ఫ్యాన్లు, పరదాలు చాలు. వచ్చే జనాన్ని పదిమంది పదిమందిగా పంపాలి, ఎందుకంటే మనిషి ఊపిరి, చెమట కూడా తేమే. వానలో తడిసి వచ్చినవాళ్ల గొడుగులు, చెప్పులు వాకిట్లోనే ఉండాలి.

చివరగా మనిషి. ఏ యంత్రమూ తనంతట తాను మ్యూజియాన్ని కాపాడదు. పొద్దున తాళం తీసేవాడు మొదట పరికరం చూసి, రిజిస్టరులో రాసి, తలుపు తెరవాలా వద్దా నిర్ణయించాలి. బయట గాలి లోపలి గాలి కంటే తడిగా ఉంటే తెరవకూడదు, పొడిగా ఉంటే తెరవాలి. ఈ నిర్ణయం తీసుకోగల మనిషికి జీతం ఇవ్వడానికి మనకు డబ్బు ఉండాలి. దాతలు యంత్రం కొనిస్తారు, గదికి పేరు పెట్టమంటారు. ఆ మనిషి జీతానికి నిధి పెట్టమంటే వెనుకాడతారు. నేను చూసినంతలో, మ్యూజియాలు పాడయ్యేది యంత్రాలు లేక కంటే యంత్రాలు చూసుకునే మనిషి లేకనే.

ఇక్కడ కూర్చున్న వ్యాపారులకు, ఉద్యోగులకు, పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఇది. సారు పేర ఏసీలు ఇవ్వాలనుకున్నవారు ఆ డబ్బును కప్పు మరమ్మతుకు, కరెంటు తీగలు మార్చడానికి, కొలిచే పరికరాలకు, ఒక మనిషి జీతానికి ఇవ్వండి. విద్యార్థులు రోజూ తేమ లెక్క రాసే పని పంచుకోండి, దానికి రిజిస్టరు ఈ రోజే మొదలుపెట్టవచ్చు. నకాషి కుటుంబాల పెద్దలను పిలిచి, పాత పటాల్లో ఏ పూత ఎక్కడ లేస్తున్నదో వాళ్ల కళ్లతో చూపించుకోండి. ఆ పూత ఎట్లా కలిపారో వాళ్లకు తెలిసినంత ఏ ప్రయోగశాలకూ తెలియదు. వచ్చే వానకాలం లోపల కప్పు పని పూర్తి కావాలి. దానికి కావలసిన రాయి, సున్నం ఈ జిల్లాలోనే ఉన్నాయి, పనివాళ్లూ ఇక్కడే ఉన్నారు.